మూసుకోని రేకు

మా వీధిలో చిన్నకోడలు ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా నా కొట్టు పక్కన మెట్లు చూపిస్తారు. ఆవిడ జుట్టు ముగ్గుబుట్టయింది. అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అయినా పేరు మాత్రం చిన్నకోడలే, ఎందుకంటే పైన పెద్దకోడలు ఒకావిడ ఉండేది. ఇప్పుడు ఆవిడ లేదు. మిగిలిన ఒక్క మనిషిని పట్టుకుని చిన్నకోడలూ అని పిలవాలంటే నాకు మనసొప్పదు. అలాగని వేరే పేరు పెట్టడానికి నేనెవర్ని?

నాది కింద దారాల కొట్టు. గుండీలు, జిప్పులు, లేసులు, అంచు పట్టీలు అమ్ముతాను. సరిగ్గా నా నెత్తిమీద వాళ్ళ గది. పైన మిషన్ నడుస్తుంటే నా అద్దాల బీరువాలో గుండీల డబ్బాలు సన్నగా గిలగిలలాడతాయి. మొదట్లో విసుక్కునేదాన్ని. తరవాత ఆ చప్పుడు లేకపోతే మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు.

అది మామూలు కుట్టుమిషన్ కాదు, బొంతలు కుట్టే మిషన్. మామూలు మిషన్‌లో మిషన్ కదలదు, గుడ్డ కదులుతుంది. ఇందులో గుడ్డ కదలదు, మిషనే కదులుతుంది. రెండు మంచాలు వరసగా వేసినంత పొడుగు బల్ల, బల్ల మీద పట్టాలు, పట్టాల మీద చక్రాలతో బారెడు మెడ ఉన్న మిషన్. ముక్కలు అతికిన పైగుడ్డ, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ, మూడూ కలిపి బల్లకి బిగించి కట్టి, మిషన్‌కున్న పిడి పట్టుకుని అటూ ఇటూ తోస్తూ కుట్టాలి. ఏదో ఫ్యాక్టరీ మూసేస్తుంటే అన్నదమ్ములిద్దరూ కొనుక్కొచ్చి పెళ్ళాలకి అప్పగించారు. కొన్నాళ్ళకి అన్న పోయాడు, ఆ వెనకే తమ్ముడు పోయాడు. ఇద్దరికీ పిల్లల్లేరు. మిగిలింది తోడికోడళ్ళిద్దరూ, మిషనూ.

పెద్దకోడలు ముందువైపు నిలబడి పిడి పట్టేది. చిన్నకోడలు వెనకవైపు. గుడ్డ వదులైతే లాగడం, తెగిన దారాలు కత్తిరించడం, అన్నిటికంటే ముఖ్యంగా వినడం ఆవిడ పని. ముందు నిలబడ్డవాళ్ళకి మోటారు హోరులో ఇంకేమీ వినపడదు. అడుగు దారం అయిపోవస్తుంటే బాబిన్ సన్నగా గలగలమంటుంది, అది వెనకవాళ్ళకే తెలుస్తుంది. "ఆగు" అనేది చిన్నకోడలు. పెద్దకోడలు ఆగేది. నా కొట్టులో కూర్చుంటే ఆ మాట కిందికి వినపడేది.

ఇక మాటల సంగతి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. వీళ్ళ విషయంలో కొట్టడానికి అత్త కూడా లేదు. తగువు మొదలైంది నా కొట్టులోనే. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ కుట్టించుకున్న బొంత వెనక్కి తెచ్చింది. నిండా పూల రేకులు కుట్టిన బొంత. ఒక వంపు ఇటునుంచి, ఒక వంపు అటునుంచి వచ్చి కొసన కలిస్తే రేకు అవుతుంది. కలవలేదు. ప్రతి రేకు కొసనా నూలుపోగంత సందు. "చూడండి, ఒక్కటీ మూసుకోలేదు," అని నా బల్ల మీద పరిచింది. అప్పుడు కొట్టు నిండా జనం. తోడికోడళ్ళిద్దరూ దారం కోసం కిందికొచ్చి ఉన్నారు.

పెద్దకోడలు వంగి చూసింది. "నా చెయ్యి సరిగ్గానే తిరుగుతోందమ్మా. మిషన్ పాదంలోనే ఏదో తేడా ఉంది," అంది.

పాదమంటే సూది చుట్టూ ఉండే ఇనుప ఉంగరం. సూదితో పాటు దిగి గుడ్డని నొక్కి, సూదితో పాటే లేస్తుంది. దానికి వంపులు తీర్చిన బద్ద ఆనించి మిషన్‌ని తోస్తే, బద్ద ఎటు వంగితే కుట్టూ అటే వంగుతుంది. ఆ పాదం దాని కడ్డీకి అతుక్కుపోయి ఉంటుంది, ఊడదీసి చూసేది కాదు. పైనుంచి చూస్తే గుండ్రంగా, నిక్షేపంలా కనపడుతుంది. అందుకని చిన్నకోడలికి నవ్వొచ్చింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఎవడో," అంది గట్టిగా, అందరికీ వినపడేట్టు. "చెయ్యి వంకరని ఒప్పుకుంటే పోతుంది కదా."

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటాను. సామెత సమయానికి పడింది మరి. పెద్దకోడలు మాత్రం బొంత మడిచి చంకన పెట్టుకుని మెట్లెక్కిపోయింది. ఆ రోజునుంచి తోడికోడలితో మాట్లాడలేదు.

విడిపోతే సరిపోయేది. కానీ విడిపోవాలంటే మిషన్‌ని నిలువునా కొయ్యాలి. అందుకని ఒకే గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి, ఏళ్ళకేళ్ళు మిషన్‌తో మాట్లాడారు. "ఈ మిషన్‌కి తెల్లదారం కావాలిట," అనేది పెద్దకోడలు. "తెల్లదారం అయిపోయిందని మిషన్‌కి తెలీదు కాబోలు," అనేది చిన్నకోడలు. భోజనాల దగ్గర కూడా ఇదే వరస. "మిషన్ ఇవాళ ఉప్పెక్కువ తింటోంది." నేను పైకెళ్ళినప్పుడు విని కడుపుబ్బ నవ్వుకునేదాన్ని. మనిషి మనిషితో చెప్పుకోవలసినవన్నీ ఇనుముతో చెప్పుకుంటున్నారని అప్పుడు నాకు తట్టలేదు. "ఆగు" ఒక్కటే నేరుగా అనుకునే మాట. దానికి జవాబు అక్కర్లేదు కాబట్టి మిగిలిందేమో.

ఆ రేకుల మాట వీధిలో ఉండిపోయింది. వాళ్ళ బొంతలో రేకు మూసుకోదు అనేవాళ్ళు. చవగ్గా, గట్టిగా కుడతారు కాబట్టి అలా అంటూనే తెచ్చేవాళ్ళు.

కిందటేడు చిన్నకోడలికి దగ్గు పట్టుకుంది. పెద్దకోడలు ఒకరోజు మిషన్‌తో, "దగ్గేవాళ్ళకి ఒక మందపాటి బొంత కుట్టాలి. నా నిద్ర పాడైపోతోంది," అంది. ఆ మాట నాకు చెప్పింది చిన్నకోడలే. "మాటలు చూశావా వదినా, కుట్టేది నాకు, నిద్ర తనకట," అని మూతి తిప్పింది. మూతి తిప్పుతూనే నా కొట్టులో దారం రంగు ఏరుకుంది, ముదురాకుపచ్చ. నేనంతకుముందెప్పుడూ ఆవిడ రంగు కోసం అంతసేపు నిలబడగా చూడలేదు.

ఆ బొంత సగమయింది. వానలు మొదలయ్యేసరికి పెద్దకోడలికి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి తిరిగి రాలేదు.

అన్నీ అయిపోయాక ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఆసుపత్రిలోనైనా మాట్లాడుకున్నారా అని.

"అక్కడ మిషన్ లేదు కదా వదినా," అంది చిన్నకోడలు.

ఆ తరవాత నా కొట్టులో గుండీల డబ్బాలు చాలాకాలం కదల్లేదు. సగం కుట్టిన బొంత బల్ల మీద బిగించి ఉంది. దాన్ని విప్పితేగాని ఇంకో బొంత ఎక్కించడానికి లేదు. ఎవరైనా పని తెస్తే మెట్ల దగ్గరే తిప్పి పంపేసేది. "అది పూర్తవాలి," అనేది. ఎవరు పూర్తి చేస్తారని నేనడగలేదు. జీవితమంతా వెనకవైపు నిలబడ్డ మనిషి, పిడి ఏనాడూ పట్టి ఎరగదు. పెద్దకోడలు ఎక్కడ ఆపిందో అక్కడినుంచి అందుకోవాలి, అతుకు తెలియకూడదు. ఆవిడ పంతం అది. ఆవిడకి ఇంకేమీ మిగల్లేదు కూడా.

ఒక మధ్యాహ్నం డబ్బాలు గిలగిలలాడాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. చాలాసేపు నడిచి ఆగిపోయింది. మళ్ళీ నడవలేదు. పైకెళ్ళి చూస్తే ముందువైపు పిడి పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"వరసంతా కుట్టాను వదినా. చూడు," అంది. దారం కొస పట్టి లాగింది. వరసంతా ఒక్క లాగులో ఊడి చేతికొచ్చింది. గుడ్డ మీద సూది చిల్లులు మాత్రం మిగిలాయి. అడుగు దారం ఎప్పుడో అయిపోయింది. పైదారం ఒక్కటే పరుచుకుంటూ పోయింది.

"నీకు వినపడలేదా?" అన్నాను, బుద్ధిలేక.

"ముందు నిలబడితే వినపడదు. వెనకాల ఎవరున్నారు ఆగు అనడానికి?"

నేను నిలబడతానన్నాను. కొట్టు మూసి నిలబడ్డాను కూడా. కానీ ఆ హోరులో ఏది గలగలో ఏది గరగరో నాకు తెలిసి చావలేదు. ఊరికే ఆగు ఆగు అంటుంటే ఆవిడకి చిరాకేసి, "నువ్వు గుండీలమ్ముకో తల్లీ," అని పంపేసింది. తరవాత ప్రతి వరసకీ మిషనాపి, బల్లకింద దూరి, టార్చి వేసి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ మోకాళ్ళతో.

అలా రెండు వరసలు లాగిందో లేదో దారం పుటుక్కున తెగడం మొదలైంది. పాదం బీటలిచ్చింది. బీటలో దారం చిక్కుకుని తెగుతోంది. ఇక మెకానిక్‌ని పిలవక తప్పలేదు.

మా మెకానిక్‌ని వీధంతా స్పానర్ అంటుంది. వాడు నవ్వినా జేబులో స్పానర్ చప్పుడవుతుంది. వచ్చి, మిషన్ మెడ కింద తల పెట్టి చూసి, నాలుక చప్పరించాడు.

"ఇది అతుకేసే రకం కాదు పిన్నీ. ఇలాంటి పాదాలు ఇప్పుడెవరూ చెయ్యట్లేదు. కడ్డీతో సహా పీకి కొత్తది వెయ్యాలి. కొత్త కడ్డీకి పాదాన్ని స్క్రూతో బిగిస్తారు. కావలసినప్పుడు ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. రెండు పాదాలొస్తాయి."

"పాతది మళ్ళీ పెట్టడానికుంటుందా?"

"పీకాక ఇంకేం పెడతాం? అది తుక్కే."

చిన్నకోడలు బొంత వంక చూసింది. పీకమంది.

కడ్డీ ఒక పట్టాన రాలేదు. నూనె పోశాడు, వేడిచేశాడు, సుత్తితో తట్టాడు. ప్రతి దెబ్బకీ చిన్నకోడలు భుజాలు ముడుచుకుంది. చివరికి ఊడింది. దాన్ని కిటికీలో పడేసి కొత్తది బిగించాడు. సూది సరిగ్గా ఉంగరం నడిమధ్య దిగేట్టు చూశాడు. సూది పూర్తిగా దిగినప్పుడు పాదానికీ, దాని కిందుండే ఇనుప పళ్ళేనికీ మధ్య ఒక అట్టముక్క పెట్టి, అది బిగుసుకోకుండా, వదులుగా లేకుండా జారేదాకా పైకీ కిందికీ సర్దాడు. "ఇంతకంటే పైనుంటే కుట్లు దాటేస్తుంది, కిందుంటే గుడ్డ కదలదు," అన్నాడు. మేమిద్దరం తలలూపాం. నాకేం అర్థమైందని ఊపానో నాకే తెలీదు.

"ఇప్పుడు కుట్టి చూడండి. ఇల్లలకగానే పండగ కాదు."

బొంత పక్కన మిగులు గుడ్డ మీద చిన్నకోడలు వంపు బద్ద ఆనించి, భయపడుతూ పిడి తోసింది. ఒక వంపు ఎడమనుంచి. ఒక వంపు కుడినుంచి. రెండూ కొసన వచ్చి ఒకే చుక్కలో కలిశాయి. రేకు మూసుకుంది.

"అరె!" అన్నాను నేను. ఆవిడ మొహం వెలిగింది. పిడి పట్టడం ఇంకా సరిగ్గా చేతకాని మనిషి, మొదటిసారే మూసిన రేకు. "చూశావా వదినా, నా చెయ్యి..." అని మొదలుపెట్టింది.

అక్కడే ఆగిపోయింది. ఇంకో రేకు కుట్టింది. అదీ మూసుకుంది. కావాలని చెయ్యి వణికించి, బద్ద వదులుగా పట్టి ఇంకొకటి కుట్టింది. గీత కొంచెం వంకరపోయింది గానీ కొస మాత్రం కలిసింది. అప్పుడు కిటికీ దగ్గరికెళ్ళి పాత పాదం తీసింది. చీరకొంగుతో నూనె తుడిచి, వెలుగుకి ఎత్తిపట్టి, చుట్టూ వేలితో తడిమింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇదేమిటిరా?" అంది స్పానర్‌తో.

వాడు చూశాడు. "ఎడమవైపు అడుగున అరిగింది పిన్నీ. బద్ద ఆనే చోటు. చేంతాడొరిపిడికి రాయే అరుగుతుంది. మీరు కొనేటప్పటికే అరిగుంటుంది, ఫ్యాక్టరీలో ఇనుప బద్దలు వాడేవాళ్ళు కదా. పైనుంచి చూస్తే తెలీదు. దీంతో కుడితే ఎడమ వంపు నూలుపోగంత పక్కకి పడుతుంది. ఎవరు కుట్టినా అంతే." వాడు సామాను సర్దుకుంటూ మామూలుగా చెప్పాడు. వాడికేం తెలుసు?

చిన్నకోడలు స్టూలు మీద కూర్చుంది. పాదం ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకి రాలేదు. చేతులు కాలాక ఆకులంటారు. ఆకులేం చేసుకోను? ఆ నవ్వు నా కొట్టులో నవ్వినదే కదా, అందులో నా నవ్వూ ఉంది కదా అనిపించి, ఆ గదిలో నిలబడలేకపోయాను. అయినా నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడ లేచి, "ఆకురాయి ఇవ్వు," అంది స్పానర్‌తో.

"ఎందుకు?"

"కొత్త పాదాన్ని దీనిలాగే అరగదియ్యాలి."

వాడు నిర్ఘాంతపోయాడు. "మతుండే మాట్లాడుతున్నారా? ఇన్నాళ్ళకి సరైన పాదం పడితే, దాన్ని చేతులారా పాడుచేస్తారా?"

"రెండొచ్చాయన్నావుగా. ఒకటి ఊళ్ళో వాళ్ళకి. ఒకటి దీనికి." బొంత చూపించింది. "ఆవిడ సగంలో రేకులు మూసుకోలేదు. నా సగంలో అన్నీ మూసుకున్నాయనుకో. కప్పుకున్నన్నాళ్ళూ ఆవిడ చెయ్యి వంకర, నా చెయ్యి తిన్నన అని మళ్ళీ మళ్ళీ అన్నట్టే. ఒకసారి అన్నది చాలు."

స్పానర్‌కి ఏమీ అర్థంకాలేదు. నావంక చూశాడు. నేను తల తిప్పుకున్నాను. నసుగుతూ ఆకురాయి ఇచ్చాడు. ఆవిడ అడ్డదిడ్డంగా రుద్దుతుంటే చూడలేక, "అలా కాదు పిన్నీ, ఒకవైపే రుద్దండి, మధ్యమధ్య పాతదాని పక్కన పెట్టి చూసుకోండి," అన్నాడు. మంచి పనివాడికి మంచి సామాను పాడవుతుంటే ఎంత బాధో వాడి మొహంలో కనపడింది. డబ్బా సర్దుకుని పాత పాదం చెత్తలో వేయబోతే, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ తరవాత రోజూ డబ్బాలు గిలగిలలాడాయి. కాసేపు నడిచేది, ఆగేది. ఆగినప్పుడల్లా ఆవిడ బల్లకింద టార్చితో ఉంటుందని నాకు తెలుసు. దగ్గు వినపడేది. ఇంకే మాటా వినపడేది కాదు. కింద కూర్చుని నేనే ఒక్కోసారి పైకప్పు వంక చూస్తూ "ఆగు" అనుకునేదాన్ని. ఆవిడకి వినపడదు, వినపడినా అది సరైన సమయం కాదు.

చలి ముదిరాక ఒకరోజు బొంత భుజాన వేసుకుని కిందికొచ్చింది. అంచుకి పట్టీ కావాలంది, ముదురాకుపచ్చే. కొట్టు నిండా ఆడవాళ్ళు. బొంత నా బల్ల మీద పరిచాం. నేను కొసనుంచి కొసదాకా చూశాను. పెద్దకోడలు ఎక్కడ ఆపిందో, చిన్నకోడలు ఎక్కడ అందుకుందో కనిపెట్టలేకపోయాను. అన్ని రేకులూ నూలుపోగంత తెరుచుకునే ఉన్నాయి.

పక్కన నిలబడ్డ ఒకమ్మాయి, వీధికి కొత్తగా కాపురానికొచ్చింది, గుడ్డ తడిమి చూసి మెచ్చుకుంది. తరవాత కొంచెం వంగి, "అయ్యో, కొసలు కలవలేదే. చెయ్యి కొంచెం వంకరపోయినట్టుందండీ," అంది. తప్పు పట్టాలని కాదు, కంటికి కనపడింది అంది, అంతే.

చిన్నకోడలు పట్టీ వదిలేసి తలెత్తింది.

"చెయ్యి కాదమ్మా." గొంతు పెద్దది చేసింది. తలుపు దగ్గరున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. "మా అక్క చెయ్యి తిన్ననిదే. మద్దెలే ఓడు. నిజంగా మద్దెలే ఓడు."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నవ్విన వాళ్ళెవరూ ఇప్పుడు కొట్టులో లేరు, నేను తప్ప. ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, పెద్దావిడ ఏదో అంటోంది పాపం అని మళ్ళీ గుండీలు ఏరుకోవడంలో పడ్డారు. ఆ అమ్మాయికి మాత్రం ఒక్క ముక్కే అర్థమైంది.

"మీ అక్కగారు కుట్టారా? ఎక్కడుంటారండీ? నాకూ ఒకటి ఆవిడ చేతే కుట్టించుకోవాలనుంది. ఒకసారి అడిగి పెడతారా?"

చిన్నకోడలు బొంత మడవడం మొదలుపెట్టింది. కొసకి కొస కలిపి, ముడతలు సాపుచేసి, గుండెలకి ఆనించుకుంది.

"నేనడగలేనమ్మా," అంది. "మా ఇద్దరికీ మాటల్లేవు."

నేను పట్టీ కొలిచి కత్తిరించి, చుట్టి, ఆవిడ చేతిలో పెట్టాను.